సిమ్యులేటర్‌లో ఒక్క సర్క్యూట్

ఎయిర్‌ఫోర్స్ స్టేషన్‌లోకి వెళ్లి సిమ్యులేటర్‌లో కూర్చుని రావాలంటే మొదటి పని ఉత్తరం రాయడం. గేటు దగ్గర టికెట్ కొనుక్కుని లోపలికి వెళ్లే చోటు కాదది. 1923 నాటి అధికార రహస్యాల చట్టం లెక్కలో అది నిషిద్ధ ప్రదేశం. కాబట్టి ఎవరికి వారు సొంతంగా అడిగితే పని జరగడం కష్టం. స్కూలో, కాలేజీయో, ఎన్‌సీసీ యూనిట్టో తన లెటర్‌హెడ్ మీద అడిగితే పరిశీలిస్తారు. ఎంతమంది వస్తున్నారు, వాళ్ల పేర్లు, వయసులు, గుర్తింపు కార్డుల వివరాలు, వెంట వచ్చే ఉపాధ్యాయులు ఎవరు అన్నీ ఆ ఉత్తరంలోనే ఉండాలి. ఒకే తేదీ పట్టుకుని కూర్చోకుండా రెండు మూడు తేదీలు రాయండి. సిమ్యులేటర్ చూపించమని ప్రత్యేకంగా ఒక వాక్యం చేర్చండి. ఆ వాక్యం లేకపోతే పరేడ్ గ్రౌండు, విమానాలు చూపించి, టీ ఇచ్చి పంపేస్తారు. ఉన్నా చూపిస్తారన్న హామీ లేదు. ఆ రోజు క్యాడెట్ల శిక్షణ నడుస్తుంటే సీటు వాళ్లదే, మనది కాదు.

ఇక్కడ చెబుతున్నదంతా దుండిగల్ ఎయిర్‌ఫోర్స్ అకాడమీని మనసులో పెట్టుకుని చెబుతున్నాను. హైదరాబాద్ ఉత్తర శివార్లలో ఉన్న ఈ అకాడమీకి 1967 అక్టోబరు 11న అప్పటి రాష్ట్రపతి జాకీర్ హుస్సేన్ శంకుస్థాపన చేశారు. భారత వైమానిక దళంలో పైలట్ కావాలనుకునే వాళ్ల తొలి పాఠాలు ఇక్కడే. దేశంలో మొదటి ముగ్గురు మహిళా ఫైటర్ పైలట్లు అవనీ చతుర్వేది, భావనా కాంత్, మోహనా సింగ్ 2016 జూన్ 18న ఈ మైదానంలోనే కవాతు చేసి అధికారులయ్యారు. ఇక్కడ మొదటి దశ పూర్తిచేసిన వాళ్లు తర్వాత హకీంపేటకో, బీదర్‌కో, బెంగళూరు దగ్గరి యలహంకకో వెళతారు. ఎవరు ఫైటర్‌కి, ఎవరు హెలికాప్టర్‌కి, ఎవరు రవాణా విమానానికి అన్నది ఇక్కడి ప్రతిభను బట్టి తేలుతుంది.

గేటు దగ్గర

మొబైళ్లు, స్మార్ట్ వాచీలు, కెమెరాలు, పెన్‌డ్రైవ్‌లు గేటు దగ్గరే తీసుకుంటారు. బస్సులో వదిలేసి రావడం ఇంకా మేలు. నలభై ఫోన్లు ఒక్కొక్కటీ రాసుకుని టోకెన్లు ఇచ్చేసరికి గంట గడిచిపోతుంది. పిల్లలు ఇక్కడ కొంచెం మొహం మాడ్చుకుంటారు. పైలట్ సీట్లో కూర్చున్న సెల్ఫీ లేకపోతే వెళ్లినట్టు రుజువేమిటి అని వాళ్ల బాధ. ఫొటో కావాలంటే ఎయిర్‌ఫోర్స్ ఫొటోగ్రాఫరే గ్రూప్ ఫొటో తీసి తర్వాత పంపించడం కద్దు. లోపల చూసిన ఏర్పాట్ల గురించి, ఏది ఎక్కడ ఉంది అన్నదాని గురించి ఇంటికొచ్చాక ఇన్‌స్టాగ్రామ్‌లో రాయకూడదని బయల్దేరే ముందే గట్టిగా చెప్పండి.

బట్టల సంగతి. లేసులున్న బూట్లు వేసుకోవాలి. చున్నీలు, వేలాడే గొలుసులు, తలలో వదులు క్లిప్పులు వద్దు. ఇది క్రమశిక్షణ కోసం పెట్టిన నియమం అనుకుంటారు గానీ కారణం వేరే ఉంది. విమానాలు నిలిపి ఉంచే కాంక్రీటు నేలను టార్మాక్ అంటారు. అక్కడ పడిన చిన్న స్క్రూ, గులకరాయి, పెన్ను క్యాపు ఏదైనా సరే ఇంజన్‌లోకి పోయిందంటే లోపలి రెక్కలు పగులుతాయి. దీన్ని వాళ్లు ఎఫ్‌ఓడీ అంటారు. సిబ్బంది వరసగా నిలబడి, తలలు వంచుకుని, నేల మీద చూపు పెట్టి రన్‌వే పొడవునా నడుస్తూ రాళ్లు ఏరడం ఏ స్థావరంలోనైనా మామూలే. 2000 జూలైలో పారిస్ దగ్గర కాంకార్డ్ విమానం కూలి 113 మంది చనిపోయారు. దానికి మూలం రన్‌వే మీద పడి ఉన్న ఒక లోహపు పట్టీ. కాక్‌పిట్ దగ్గరికి వెళ్లే ముందు చొక్కా జేబులో పెన్ను తీసి ఇవ్వమని అడిగితే నొచ్చుకోకండి. జారి కిందపడిన పెన్ను విమానాన్ని నడిపే స్టిక్ అడుగున ఇరుక్కుంటే గాల్లో తీసే దారి ఉండదు.

పక్షులూ ఇలాంటి బెడదే. పక్షులు చేరకుండా ఉండాలని, విమానాశ్రయం చుట్టూ 10 కిలోమీటర్ల లోపల జంతువుల్ని కోయడం, చెత్త పారేయడం నేరమని మన విమాన నిబంధనల్లో రాసి ఉంది. చికెన్ కొట్ల వెనక గుట్టలు చూస్తే ఆ నిబంధన ఎంత బాగా అమలవుతోందో తెలుస్తుంది.

విమానం పక్కన

అకాడమీలో ఎక్కువగా కనిపించేది పీసీ-7 మార్క్ 2. స్విట్జర్లాండ్‌కు చెందిన పిలాటస్ కంపెనీ విమానం. 2012లో 75 విమానాలకు ఒప్పందం కుదిరింది, 2013 నుంచి వచ్చాయి. అంతకుముందు ఇక్కడ హెచ్‌పీటీ-32 ఉండేది. ఇంజన్ గాల్లో ఆగిపోవడం దాని పాత జబ్బు. 2009 జూలైలో మెదక్ జిల్లాలో ఒకటి కూలి ఇద్దరు శిక్షకులు చనిపోయాక ఆ విమానాలను నిలిపేశారు. కొత్త విమానం మీదా ప్రమాదం లేకపోలేదు. 2023 డిసెంబరు 4న తూప్రాన్ దగ్గర రావెల్లిలో పీసీ-7 కూలి శిక్షకుడు, క్యాడెట్ ఇద్దరూ ప్రాణాలు కోల్పోయారు. సిమ్యులేటర్ గదిలోకి నవ్వుకుంటూ వెళ్లే పిల్లలకు ఈ సంగతి ముందే చెప్పడం మంచిదని నా అభిప్రాయం. అది ఆటవస్తువు కాదని అప్పుడే అర్థమవుతుంది.

విమానం పక్కన నిలబడ్డప్పుడు రెండు చూడండి. ఒకటి ముందూ వెనకా ఉన్న రెండు సీట్లు. ముందు క్యాడెట్, వెనక కాస్త ఎత్తులో శిక్షకుడు. రెండోది సీటు మధ్యలో, తొడల నడుమ ఉండే పసుపు నలుపు చారల పిడి. దాన్ని లాగితే సీటు మనిషితో సహా పైకి ఎగిరిపోతుంది. ఈ సీట్లు తయారుచేసే బ్రిటిష్ కంపెనీ మార్టిన్ బేకర్ ఇప్పటిదాకా 7 వేలకు పైగా ప్రాణాలు కాపాడింది. నేల మీద ఉన్నప్పుడు ఎర్రటి రిబ్బన్లు వేలాడే పిన్నులు దానికి గుచ్చి ఉంచుతారు. ఆ రిబ్బన్లు అందంగా ఉన్నాయని వేలు పెట్టి లాగేవాడు ప్రతి బృందంలోనూ ఒకడుంటాడు. వాణ్ని ముందే గుర్తుపట్టి మీ పక్కన నిలబెట్టుకోండి.

సిమ్యులేటర్ గది

ఈ యంత్రానికి మూలపురుషుడు ఎడ్విన్ లింక్ అనే అమెరికన్. వాళ్ల నాన్నకు ఆర్గన్‌లు, తమంతట తాము మోగే పియానోలు తయారుచేసే కార్ఖానా ఉండేది. ఆ వాద్యాల్లో గాలి ఊదే తిత్తులనే వాడి 1929లో ఊగే డబ్బా ఒకటి చేశాడు. చిన్న రెక్కలు, నీలం రంగు. మొదట్లో దాన్ని ఎగ్జిబిషన్లలో పిల్లల ఆటకే కొన్నారు. 1934లో అమెరికా సైన్యానికి టపా మోసే పని అప్పగించారు. మంచులో, చీకట్లో మీటర్లు చూసి నడపడం రాని పైలట్లు వరసగా చనిపోయారు. అప్పుడు సైన్యం లింక్ దగ్గర ఆరు డబ్బాలు కొన్నది.

ప్రయాణికుల విమానాల సిమ్యులేటర్లు ఆరు కాళ్ల మీద నిలబడి నిజంగానే ఊగుతాయి. ముందుకు వేగం పుంజుకుంటున్నట్టు అనిపించడానికి అవి చేసేది చిన్న మోసం. గదిని కొంచెం వెనక్కి వాలుస్తాయి, తెర మీద మాత్రం అంతా సమంగానే చూపిస్తాయి. వీపు సీటుకు అదిమినట్టయి, వేగం పెరిగిందని మన చెవిలోని సమతూకపు అవయవం నమ్మేస్తుంది. సైనిక శిక్షణ విమానాల సిమ్యులేటర్లు చాలావరకు అలా ఊగవు. నిజమైన కాక్‌పిట్, చుట్టూ పెద్ద తెర, పక్కన శిక్షకుడి బల్ల, అంతే. ఊగకపోయినా కడుపులో తిప్పుతుంది. కదులుతున్నామని కళ్లు అంటాయి, లేదని చెవి అంటుంది. ఈ తగాదాలో నష్టపోయేది పొద్దున తిన్న పూరీలు. తేలిగ్గా తిని వెళ్లండి. తిప్పినట్టు అనిపిస్తే తెర మీంచి చూపు తప్పించి ఒళ్లో చూసుకోండి, తగ్గుతుంది.

సీట్లో కూర్చోగానే అందరి చెయ్యీ స్టిక్ మీదికే పోతుంది. ఆగండి. ముందు పెడల్స్ కాళ్లకు అందేలా సర్దుకోవాలి. పూర్తిగా తొక్కినా మోకాలు కాస్త వంగే ఉండాలి. తర్వాత సీటు ఎత్తు, తర్వాత బెల్టులు. అప్పుడు శిక్షకుడు చెక్స్ మొదలుపెడతాడు. ఎడమవైపు నుంచి కుడివైపుకు ఒక్కో స్విచ్చు, ఒక్కో మీటరు వేలితో చూపిస్తూ, పైకి అంటూ. నోటితో అనడం ముఖ్యం. 1935 అక్టోబరు 30న అమెరికాలో రైట్ ఫీల్డ్ దగ్గర బోయింగ్ మోడల్ 299 అనే బాంబర్ పైకి లేచిన వెంటనే కూలిపోయింది. తోలింది చెయ్యి తిరిగిన పైలట్. నేల మీద గాలికి తోక భాగాలు ఊగకుండా వేసిన లాక్ తీయడం మరిచిపోయారు, అంతే. ఆ తర్వాతే కాగితం మీద రాసుకున్న చెక్‌లిస్టు విమానాల్లో స్థిరపడింది.

ఇక్కడే మీటర్లలో ఒక వింత చూపించమని అడగండి. విమానం నేల మీదే ఉంటుంది, ఎత్తు చూపించే ముల్లు మాత్రం 2 వేల అడుగుల దగ్గర నిలబడి ఉండవచ్చు. ముల్లు తప్పు చెప్పడం లేదు. సముద్రమట్టం నుంచి లెక్కిస్తే దుండిగల్ నేల ఎత్తే అంత. పక్కనున్న గుండ్రటి పిడి తిప్పి గాలి పీడనం అంకె మారిస్తే అదే ముల్లు సున్నాకు వస్తుంది. ఏ అంకె పెట్టుకున్నామో మరిచిపోతే మంచులో కొండ తగులుతుంది.

ఈ దశలో ‘ఏం చేస్తావు?’ అని శిక్షకుడు అడిగితే పిల్లల్లో తొంభై పాళ్లు గిరికీలు కొట్టించమంటారు. అడిగితే కొట్టిస్తారు, సరదాగానే ఉంటుంది, తల తిరిగి దిగేస్తారు. నా సలహా వేరు. దొరికేది పది పదిహేను నిమిషాలు. ఒక్క సర్క్యూట్ అడగండి. రన్‌వే నుంచి లేచి, దాని చుట్టూ దీర్ఘచతురస్రంలా తిరిగి, మళ్లీ అదే రన్‌వే మీద దిగడం. ఎగరడమంటే ఏమిటో అందులో మొత్తం ఉంది.

మొదట టేకాఫ్. తెల్ల గీత మీద ముక్కు నిలబెట్టి, పెడల్స్ పైభాగం తొక్కి బ్రేకులు పట్టి, ఎడమ చేత్తో ఇంజన్ బలం పెంచే త్రాటిల్ మెల్లగా ముందుకు. బ్రేకు వదలగానే ముక్కు ఎడమవైపు లాగుతుంది. ప్రొపెల్లర్ కాక్‌పిట్ నుంచి చూస్తే కుడికి తిరుగుతుంది, దాని ఊపు అది. కుడికాలితో కొంచెం తొక్కి సరిచెయ్యాలి. కారు అలవాటున్న వాళ్లు ఇక్కడ స్టిక్‌ను కుడికి తిప్పుతారు, విమానం వినదు. నేల మీద దిక్కు కాళ్లతోనే. చూపు ముక్కు ముందర కాకుండా రన్‌వే చివర ఉండాలి. వేగం నాట్లలో ఉంటుంది, 100 నాట్లంటే గంటకు 185 కిలోమీటర్లు. శిక్షకుడు చెప్పిన అంకెకు ముల్లు రాగానే స్టిక్‌ను కొంచెం వెనక్కి తీసుకోవాలి. లాగకూడదు. ముక్కు లేస్తుంది, నేల జారిపోతుంది. చక్రాలు పైకి, రెక్కల వెనక అంచున ఉండే ఫ్లాప్స్ పైకి.

ఇక అసలు తిప్పలు. సూటిగా, ఒకే ఎత్తులో వెళ్లడం చూడటానికి తేలిక. ముక్కు కాస్త పైకి పోతుంది. మీరు కంగారుగా ముందుకు నెడతారు. విమానం ఒక క్షణం ఆలస్యంగా వింటుంది. ఈలోగా ఇంకాస్త నెడతారు. ముక్కు ఒక్కసారిగా కిందికి పోతుంది, ఈసారి వెనక్కి లాగుతారు. పైకీ కిందికీ, పైకీ కిందికీ, ప్రతిసారీ ముందటిసారి కంటే ఎక్కువ. స్టిక్ పట్టుకున్న వేళ్ల కణుపులు తెల్లబడతాయి. అప్పుడు పక్క నుంచి శిక్షకుడి మాట వస్తుంది: ‘వదిలెయ్ బాబూ.’ చెయ్యి తీసేస్తారు. విమానం రెండు మూడు ఊపులు ఊగి, తనంతట తానే కుదురుకుంటుంది. దాని కట్టుబాటే అంత, చెడగొడుతున్నది మన చెయ్యి. మళ్లీ పట్టుకున్నప్పుడు బొటనవేలు, మరో రెండు వేళ్లు చాలు, నిద్రపోతున్న పసిబిడ్డ చెయ్యి పట్టుకున్నట్టు. తర్వాత ట్రిమ్ అనే చిన్న మీట నేర్పుతారు. స్టిక్ మీద బరువు తెలియకుండా పోయేదాకా దాన్ని నొక్కాలి. పట్టూ విడుపూ తెలియడం ఇదే. నా లెక్కలో సిమ్యులేటర్ ఇచ్చే పాఠాల్లో దీన్ని మించింది లేదు. పది నిమిషాలూ దీని మీదే ఖర్చయినా డబ్బులు వచ్చినట్టే, డబ్బులు ఎవరూ అడగరనుకోండి.

మలుపు తిప్పేటప్పుడు రెక్క వాలుతుంది, దాంతో పైకి మోసే బలం పక్కకు చీలుతుంది, ముక్కు వాలిపోతుంది. అందుకే స్టిక్ కొంచెం వెనక్కి పట్టాలి. 60 డిగ్రీలు వాల్చి ఎత్తు తగ్గకుండా తిరిగితే ఒంటి బరువు రెట్టింపవుతుంది. 60 కిలోల మనిషి 120 కిలోలు. చెయ్యి ఎత్తడమే కష్టం. సిమ్యులేటర్‌లో ఈ బరువు ఉండదు, తెర మాత్రమే వాలుతుంది. ‘ఇంత తేలికా’ అని పొంగిపోకుండా ఈ తేడా గుర్తుంచుకోండి.

సమయం మిగిలితే ఎత్తు మీద ఉండగానే స్టాల్ చూపించమనండి. ఇంజన్ ఆగిపోవడం కాదది. ముక్కు మరీ ఎత్తితే రెక్క మీది గాలి రెక్కను వదిలేస్తుంది. విమానం వణుకుతుంది, తర్వాత ముక్కు జారుతుంది. నేల పైకి వస్తున్నట్టు కనిపిస్తే ప్రాణం ‘లాగు లాగు’ అంటుంది. చెయ్యాల్సింది మాత్రం స్టిక్ ముందుకు నెట్టడం. ప్రాణం చెప్పినదానికి ఎదురు చెయ్యడం నేర్పడానికే ఈ గదికి అంత ఖర్చు పెడతారు. ఇంజన్ ఆపేసి చూపించమని అడిగినా మంచిదే. వరస ఒకటే: ముందు విమానాన్ని తోలు, తర్వాత దారి చూసుకో, ఆ తర్వాతే రేడియోలో మాట్లాడు. కొత్తవాళ్లు మొదట కేక పెడతారు.

దిగడం చివరిది, అన్నిటికంటే కష్టమైనది. రన్‌వేకు సమాంతరంగా వెనక్కి వచ్చి, చక్రాలు దించాలి. మూడు పచ్చ దీపాలు వెలిగాయో లేదో చూసి పైకి చెప్పాలి. రెండు మలుపులు తిరిగితే ఎదురుగా రన్‌వే. దాని పక్కన నాలుగు దీపాలుంటాయి. రెండు తెలుపు, రెండు ఎరుపు కనిపిస్తే సరైన వాలులో ఉన్నట్టు. నాలుగూ తెల్లగా ఉంటే మరీ ఎత్తు, నాలుగూ ఎర్రగా ఉంటే మరీ కింద. ఆ వాలు మామూలుగా 3 డిగ్రీలు. నేలకు కొద్ది అడుగుల ఎత్తులో త్రాటిల్ పూర్తిగా తీసేసి, చూపు రన్‌వే చివరికి మార్చి, స్టిక్ అంగుళం అంగుళంగా వెనక్కి. తెర మీద లోతు సరిగ్గా తెలియదు కాబట్టి చాలామంది ముందే లాగేసి దబ్బున పడతారు, లేదా లాగడం మరిచి గుద్దేస్తారు. తెర అక్కడే ఆగిపోతుంది. ‘మళ్లీ చేద్దాం’ అంటాడు శిక్షకుడు, బటన్ నొక్కుతాడు. అదీ దీని గొప్పతనం. దిగడం కుదరదనిపిస్తే త్రాటిల్ పూర్తిగా తోసి పైకి లేచిపోవచ్చని కూడా అప్పుడే తెలుసుకోండి. అలా లేచిపోయినందుకు ఏ మంచి శిక్షకుడూ తిట్టడు.

దిగాక వెంటనే బయటికి పరుగెత్తవద్దు. మీరు తిరిగిన దారిని తన తెర మీద గీతగా చూపించమని శిక్షకుణ్ని అడగండి. దీర్ఘచతురస్రం అనుకున్నది వంకాయలా వచ్చి ఉంటుంది. క్యాడెట్లకు ఎగిరిన సమయం కంటే ఆ గీత ముందు కూర్చుని మాట్లాడే సమయమే ఎక్కువ.

లోపలికి వెళ్లే అవకాశం రానివాళ్లకు దారులున్నాయి. చండీగఢ్‌లో 2023 మే 8న రాజ్‌నాథ్ సింగ్ ప్రారంభించిన ఎయిర్‌ఫోర్స్ హెరిటేజ్ సెంటర్‌కు ఎవరైనా వెళ్లవచ్చు. అక్కడ నేట్, మిగ్-21 విమానాలతో పాటు సిమ్యులేటర్లూ ఉన్నాయి. వైమానిక దళం ప్రచార బస్సులో కూడా సిమ్యులేటర్ ఉంటుంది, మీ ఊరి కాలేజీకి వస్తుందేమో కనుక్కోండి. ఇంట్లో కంప్యూటర్ ఉంటే ఫ్లయిట్‌గేర్ అనే సాఫ్ట్‌వేర్ ఉచితం. ఒక మామూలు జాయ్‌స్టిక్ కొంటే సర్క్యూట్ ఎన్నిసార్లయినా తిరగవచ్చు.

పైలట్ కావాలని నిజంగా అనుకునే పిల్లలకు ఒక్క మాట. వైమానిక దళం ఎంపికలో సీపీఎస్‌ఎస్ అనే కంప్యూటర్ పరీక్ష ఉంటుంది. అందులో మీటర్లు చదవడం, స్టిక్‌తో పెడల్స్‌తో కదిలే చుక్కను అదుపులో ఉంచడం ఉంటాయి. జీవితంలో ఒక్కసారే రాయనిస్తారు. తప్పితే ఫ్లయింగ్ బ్రాంచ్ తలుపు మూసుకున్నట్టే. ఎన్‌సీసీ ఎయిర్‌వింగ్‌లో సీ సర్టిఫికెట్ ఉన్నవాళ్లకు రాతపరీక్ష లేకుండా ఇంటర్వ్యూకు వెళ్లే ప్రత్యేక ప్రవేశం ఉంది. మీ కాలేజీలో ఎయిర్‌వింగ్ ఉందో లేదో రేపే అడగండి. ఉంటే ఈ ఏడాదే చేరండి.